మునెమ్మ గూళ్లు కోతకొచ్చేదాకా

బూదికోట దగ్గరి ఓ పల్లెలో విదేశీయులు నడిపే సేవాకేంద్రానికి దుభాషి కావాలన్నారు. ఊరు కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో మాట తెలుగు, వచ్చే వలంటీర్లకు రెండూ రావు. రెండు వారాలకు ఒప్పుకుని పొద్దున్నే తిరుపతిలో రైలెక్కాను. బంగారుపేటలో దిగేసరికి ఒంటిగంట. స్టేషన్ బయట చిత్రాన్నం తిని బూదికోట బస్సు పట్టుకున్నాను.

పక్క సీటాయన ఒకప్పుడు కేజీఎఫ్ గనిలో పనిచేసినవాడు. "ఆ సెంటర్‌కా? ఆడ దోమలు జాస్తి అమ్మా. కాయిల్ తెచ్చుకున్నావా?" అన్నాడు. తెచ్చుకోలేదు. తెచ్చుకోకపోవడమే మేలైందని తర్వాత తెలిసింది.

కేంద్రంలో ఆరింటికి గంట కొడతారు. ఊడ్చుకోవడం, పిల్లలకు చదువు చెప్పడం, మధ్యాహ్నం రాగిసంగటి, సాయంత్రం రైతుల ఇళ్లలో సాయం. నా గదిలో ఇంకో వలంటీరు మార్తా, డెన్మార్క్ అమ్మాయి. పనికి ముందుంటుంది, అడిగి తెలుసుకునే ఓపికే తక్కువ.

మా ఇద్దరికీ పట్టుపురుగులు పెంచే మునెమ్మ ఇంటి పని అప్పగించారు. ఆమె పట్టుపురుగులు అప్పుడే నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు మేత మాని పొర విడవడాన్ని అక్కడ జ్వరమంటారు. ఇక వారం తెగ మేసి గూడు కడతాయి. ఈ వారంలో తేడా వస్తే పంట మొత్తం పోయినట్టే.

మూడోనాడు సాయంత్రం మార్తా మల్బరీ ఆకు గంప ఎత్తుకుని పురుగుల ఇంట్లోకి వెళ్లబోయింది. మునెమ్మ గడపలోనే అడ్డం నిలబడింది.

"ఏం వాసనమ్మా అది? పురుగు చచ్చిపోతాది. ఆ యమ్మను బయటే ఉండమను."

మార్తా చేతులకు దోమల క్రీము రాసుకుంది. నేను చెప్పేసరికి గంప కింద పెట్టేసింది. అప్పటికే ఆ చేతులతోనే రెండు పురుగుల తట్టలకు ఆకు వేసి వచ్చిందట. అదీ మునెమ్మకు చెప్పాను. ఆమె గంపెడాకు బయట పారబోసి, ఆ రెండు తట్టల్నీ దూరంగా జరిపింది. తెల్లారేసరికి వాటిలో పురుగులు పచ్చగా కక్కుకుని చచ్చాయి. మిగతావి ఏమవుతాయోనని నాకు భయమేసింది.

ఆ రోజు నుంచి మార్తా క్రీము ముట్టలేదు. నాలుగు రోజులకే చేతులు దద్దుర్లతో వాచాయి. అయినా రోజూ వెళ్లి బయట కూర్చుని ఆకు తరిగేది. మునెమ్మ తరగనిచ్చింది గానీ లోపలికి పిలవలేదు.

మిగతా పురుగులు బతికాయి, గూళ్లు కట్టాయి. నేను తిరుగు ప్రయాణమైన రోజు ఏడింటి బస్సులోనే మునెమ్మ గూళ్ల మూటలతో ఎక్కింది, కోలారు మార్కెట్టుకు. బంగారుపేటలో నేను దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"ఆ యమ్మ చేతులు చూడలేకుండా ఉండాను. ఇంగ ఆ మందు రాసుకోమని చెప్పమ్మా. వచ్చే పంటకి మళ్లా మానుకుంటే చాలు, లోపలే ఆకు వేయొచ్చు."

మార్తా తిరుగు టికెట్టు ఆ నెలాఖరుకే. ఆ సంగతి మునెమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె మాటను మాత్రం ప్లాట్‌ఫారం మీద కూర్చుని పొల్లుపోకుండా మార్తాకు మెసేజ్ పెట్టాను. ఆ రెండు వారాల్లో నేను ఇంత ఇష్టంగా ఇంగ్లీషులోకి మార్చి చెప్పిన మాట ఇంకొకటి లేదు.

కాట్పాడి దాటాక జవాబొచ్చింది. వచ్చే పంట ఎప్పుడని అడిగింది.