ఓబులేసు దొంగరేడియోలో మా అమ్మ గొంతు

మొన్న ఖతర్‌లోని ముఐథర్‌లో నేను పనిచేసే ఇంట్లో స్టోర్‌రూమ్ సర్దుతుంటే పాత తివాచీల కింద ఒక రేడియో దొరికింది. వెనక మూత తీయగానే కారిపోయిన బ్యాటరీల పులిసిన వాసన గుప్పుమంది. 'మాఫీ ఫాయిదా', ఇక పనికిరాదు అంటూ మేడమ్ చెత్తబుట్ట వైపు చెయ్యి చూపింది. పారేశాను గాని, ఆ వాసన నన్ను రాయచోటి పక్కన మా పల్లెకు లాక్కుపోయింది.

మా చిన్నప్పుడు అయిపోయిన బ్యాటరీలను పారేసేవాళ్ళం కాదు. వేరుశనక్కాయలు ఎండబోసిన మిద్దె మీదే వాటినీ ఎండకు పెట్టి, సాయంత్రానికి మళ్ళీ రేడియోలో వేసి, ముల్లును చిట్టచివరికి తిప్పితే గరగరమంటూ ఓబులేసు మామ పలికేవాడు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. అంగడి మీద వెదురుబొంగు నాటి, దానికి తీగ చుట్టి, సొంతంగా ఒక పెట్టె తయారుచేసుకుని, మా ఊరికీ పక్క పల్లెలకూ వినబడేట్టు పాటలు వేసేవాడు. లైసెన్సూ లేదు, పాడూ లేదు. ముద్దుగా దొంగరేడియో అనేవాళ్ళం. ఎవరి ఎనుము తప్పిపోయిందో, ఎవరింట్లో బిడ్డకు పేరు పెడుతున్నారో, రేషన్ బియ్యం ఎప్పుడొస్తాయో అన్నీ అందులోనే చెప్పేవాడు, మేము అచ్చనగాయలాట ఆపి మరీ వినేవాళ్ళం.

అన్నిటికంటే ఎక్కువగా గల్ఫ్ క్యాసెట్ల కోసం ఊరు కాచుకునేది. అప్పట్లో మా అమ్మ ఇదే ఖతర్‌లో ఇంటిపనికి వచ్చి ఉండేది. మా ఊళ్ళో వాళ్ళకు మాత్రం ఏ దేశమైనా కువైటే. ఉత్తరం రాయడం రానివాళ్ళు తమ మాటలను క్యాసెట్లో పట్టి, సెలవు మీద వచ్చేవాళ్ళ చేత పంపేవాళ్ళు. ఊరు మొత్తానికి టేపురికార్డరు ఓబులేసు మామ దగ్గరే ఉంది కాబట్టి, వాటిని ఆయన రేడియోలో వినిపించేవాడు. ఒకరింటి మాటను ఊరంతా వినేది. దానికి ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు.

ఆ ఉగాదికి అమ్మ క్యాసెట్టు వచ్చింది. అవ్వ, అంటే నాయన తల్లి, పొయ్యి ముందు కూర్చుని ఓళిగలు కాలుస్తోంది. నెయ్యి వాసన, వేపపూత చేదు వాసన, తరిగిన మామిడికాయ పులుపు, వాటి మధ్య రేడియో.

"అత్తా, బాగుండావా?" అంది అమ్మ గొంతు.

"ఉండానమ్మా. నువ్వు సరిగ్గా తింటాండావా?" అని అవ్వ రేడియోకే జవాబు చెప్పింది.

"ఈడంతా చల్లగా ఉంటాది. గదికి ఏసీ ఉండాది."

టక్కుమని చప్పుడు. వెంటనే పాట. నాయన మురిసిపోయాడు. పక్కింటి నాగమ్మత్త ఆ పాట అయిపోయేలోపే "నేనూ పోతా" అంది. పోయింది కూడా.

అమ్మ తిరిగొచ్చేసరికి నేను పెద్దమనిషినయ్యాను. అమ్మ నడుము వంగిపోయింది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అవ్వను అడిగింది.

"ఈడ కొడతాండారు, నన్ను పిలిపించుకోండి అని క్యాసెట్లో అంత మొత్తుకుంటి గదత్తా, ఒక్కరికీ చెవిన పడలేదా?"

అలాంటి మాట మేమెవరమూ వినలేదు.

అమ్మ నన్ను వెంటేసుకుని అంగడికి నడిచింది. ఆ క్యాసెట్టు మీద ఓబులేసు మామ ఎప్పుడో పాటలు ఎక్కించేశాడు. ఏమీ దాచలేదు.

"పండగపూట ఏడుపులు ఎవరింటారక్కా? అందరివీ అట్లే కోసేసి ఏస్తా. మంచికే చేసినా."

"నా గొంతు నీ పాటలకు అడ్డమొచ్చిందా, ఓబులేసూ? ఊరికి వద్దు, మా ఆయన చెవిలోనన్నా ఒక మాట ఎయ్యకపోతివే!"

మేమంతా విని కూడా ఊరుకున్నామనుకుంటూ అమ్మ అన్నేళ్ళు ఖతర్‌లో ఆ ఇంట్లోనే అంట్లు తోమింది. తనకు తెలియదని నాయన ఎన్నిసార్లు ఒట్టు పెట్టినా, అమ్మ తను చనిపోయేవరకూ పూర్తిగా నమ్మలేదు.

తర్వాత ఊళ్ళోకి డిష్‌లు వచ్చాయి. ఓబులేసు మామ పెట్టె మూలన పడింది, వెదురుబొంగు ఎవరి పందిరికో పోయింది. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఒక రేడియో స్టేషనే. పక్క విల్లాలో పనిచేసే రమణమ్మ మా ఊరి పిల్లే. శుక్రవారం సెలవు దొరికితే లుసైల్ సిటీకి వెళ్ళి, దీపాల కింద కొత్త చీరలో తిరుగుతూ వీడియో తీసి ఊరందరికీ చూపిస్తుంది. వారమంతా చేసిన చాకిరీ అందులో ఉండదు. దాని ఏడుపు అదే కోసుకుంటుంది.

నిన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నేనూ ఆడికే వస్తాండా."

వద్దన్నాను. తెల్లవారకముందే లేవడం, వాచిన కాళ్ళు, పని అయ్యేదాకా ఫోన్ మేడమ్ దగ్గరే ఉండటం, జ్వరమొచ్చినా వంట తప్పకపోవడం, ఏదీ దాచకుండా చెప్పాను.

"ఊరుకో పెద్దమ్మా! రమణమ్మక్క ఎంత జాలీగా ఉండాదో రోజూ చూస్తానే ఉండా. నేనొస్తే నీకేం కడుపుమంట?" అని నవ్వి పెట్టేసింది.

ఒక గొంతు కోసం వీధి వీధంతా నోరు మూసుకుని కూర్చునే కాలం పోయింది. ఆ గొంతును నమ్మే కాలమూ పోయింది. అమ్మ మాట ఇంటికి చేరనే లేదు, నాది పొల్లుపోకుండా చేరింది. సోమవారం ఆ పిల్లకు వీసా మెడికల్.