వాకిలి అన్న మాట

ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఎటు వెళ్లినా బండలు పేలుస్తుండేవారు. ముందు ఈల వినిపించేది, తర్వాత చప్పుడు, ఆ తర్వాత ఇళ్ల మీదికి సన్నటి తెల్లదుమ్ము. హైటెక్ సిటీ గుండ్రటి భవనం అప్పుడే లేచింది. దాని అద్దాల్లో చుట్టుపక్కల రాళ్లగుట్టలు కనిపించేవి. స్కూటర్ మీద అటు వెళ్లినప్పుడల్లా బండి ఆపి చూసేవాణ్ణి. గోడంతా అద్దమే అయితే ఇల్లు ఎంత బాగుంటుందో అనుకునేవాణ్ణి. ఆ ఇంట్లో ఉండేవాళ్ల గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

పంజగుట్టలో ఒక ఆర్కిటెక్టు దగ్గర డ్రాయింగులు గీసే ఉద్యోగం మానేసి, సొంతంగా పట్టిన మొదటి పని ఇది. మానేసిన రోజు ఆయన, "నీకు గీత వచ్చు. ఎదుటి మనిషి చెప్పేది వినడం మాత్రం రాదోయ్," అన్నారు. నేను వెళ్లిపోతున్నానన్న ఉక్రోషంతో అంటున్నారనుకున్నాను.

ఆ ఇల్లు మాదాపూర్ పాత ఊరి వెనక సందులో ఉండేది. రెండు గదులు, వంటిల్లు, ముందు షాబాదు బండలు పరిచిన కాస్త ఖాళీ జాగా, అందులో ఒక కరివేపాకు చెట్టు, సందు వైపు చిన్న గేటు. ఇంటాయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కడప వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కూతురికి ఆ గుండ్రటి భవనంలోనే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ముందుగది పెద్దది చేయాలి, వంటిల్లు మార్చాలి, మేడ మీద తనకో గది వేయాలి. అదీ ఆ అమ్మాయి నాకు చెప్పిన పని.

ఇంకో సంగతి కూడా ఆమె మొదటి రోజే చెప్పింది. నాన్నకు మతిమరుపు జబ్బు మొదలైందని, మనుషుల పేర్లు పోతున్నాయని, కానీ రోజూ పొద్దున్నే రాయదుర్గం గుట్టల దాకా ఒక్కడే నడిచి తిరిగి వస్తాడని. "ఆ నడకొక్కటే నాన్నకు మిగిలిందండీ. దాన్ని మేం ఆపం," అంది.

ఆయన తిరిగి రావడం నేను కళ్లారా చూశాను. ఇంటికి ఆకుపచ్చ ఆయిల్ పెయింటు వేసిన పాత చెక్క తలుపు ఉండేది. దానికి పిడి బదులు బస్సు ఫుట్‌బోర్డు దగ్గర పట్టుకునే ఇనుప కడ్డీ ముక్క బిగించి ఉంది. డిపోలో పనిచేసే రోజుల్లో ఆయనే తెచ్చి బిగించాడట. చేతులు పడీ పడీ నున్నగా తేలింది. సందులో అన్ని ఇళ్లూ ఒక్కలాగే ఉంటాయి. ఆయన ఒక్కో ఇల్లూ చూసుకుంటూ వచ్చి, ఆ ఆకుపచ్చ తలుపు ముందు ఆగేవాడు. కడ్డీ పట్టుకుని, బస్సెక్కినట్టు ఒక కాలు పైకి పెట్టేవాడు. వంటింట్లోంచి ఆయన భార్య, "రైట్, రైట్!" అనేది. ఆయన నవ్వుకుంటూ లోపలికి వచ్చేవాడు.

"టికెట్ తీసుకున్యావా?" అని ఆమె అడిగేది.

"స్టాఫు!" అనేవాడు.

కొలతలు తీసుకోవడానికి వెళ్లిన రోజు ఆమె నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఏమన్నా మార్చుకో నాయనా. వంటిల్లు పగలగొట్టు, గోడలు పగలగొట్టు, నాకేం లేదు. వాకిలి మాత్రం మార్చొద్దు. మా ఇంటాయన దాన్ని చూసే ఇల్లు గుర్తుపడతాడు."

"అలాగేనండి, వాకిలి ముట్టుకోనండి," అన్నాను.

నాది గోదావరి వైపు. మాకు వాకిలంటే ఇంటి ముందు జాగా. పొద్దున్నే ఊడ్చి ముగ్గు పెట్టే చోటు. అందుకని ఆమె మాట నాకు అందంగా తోచింది. షాబాదు బండలు ఒక్కటీ కదలకుండా డ్రాయింగు గీశాను. కరివేపాకు చెట్టు చుట్టూ చిన్న అరుగు కూడా పెట్టాను. ఇంటి ముఖానికి మాత్రం ఆ ఆకుపచ్చ తలుపు తీసేసి, నిలువెత్తు అద్దాల తలుపు పెట్టాను. కూతురు ఆఫీసు బస్సుకి పరిగెడుతూ ప్లాను చూసింది. ప్లానులో తలుపంటే ఒక గీత, ఒక వంపు. పాతదైనా కొత్తదైనా అదే గీత, అదే వంపు. బాగుందండీ అని వెళ్లిపోయింది.

ఇక్కడి వరకు జరిగింది పొరపాటే. నేను రాయాలనుకున్నది దీని తర్వాత జరిగింది.

వంటింటి పని నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ముందుగదిలో కూర్చుని కాగితాలు చూసుకుంటున్నాను. బయట ఈల వినిపించింది, గుట్ట పేలింది. వెనక గదిలోంచి ఇంటావిడ కేకేసింది. "వాకిలేసుకో నాయనా, దుమ్ము వస్తాంది!"

లేచి తలుపు మూశాను. ఏ ఆలోచనా లేకుండానే మూశాను. ఆ సందర్భంలో ఆ మాటకి ఇంకో అర్థం లేదు మరి. మూశాక, చెయ్యి ఇంకా ఆ కడ్డీ మీదే ఉండగా, అర్థమైంది. వాళ్ల వైపు వాకిలంటే తలుపు. ఆమె మార్చొద్దన్నది దీన్ని.

లోపలికి వెళ్లి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే అవునంటుందని తెలుసు. అందుకే అడగలేదు. అప్పటికి ఆ అద్దాల తలుపు నా తలలో పూర్తిగా లేచి నిలబడింది. పని అయ్యాక ఫోటో తీసి పదిమందికీ చూపించాలనుకున్నాను. ఆ ఫోటోలో రంగు పెచ్చులూడిన ఆకుపచ్చ తలుపును ఊహించుకోలేకపోయాను. కుర్చీలో కూర్చుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏదో మాటవరసకి అని ఉంటుంది. ఆమె చెప్పింది ముందు జాగా గురించే. రెండు మూడు రోజులు అలా అనుకునేసరికి అదే నిజమైపోయింది.

ముందుగది పగలగొట్టే రోజులకి వాళ్లు ముగ్గురూ బాచుపల్లిలో బంధువులింటికి వెళ్లారు. తలుపు తీసే రోజు మేస్త్రీ దాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు. ఆయన ఇక్కడి మనిషే, నోరు ఊరుకోదు.

"ఏంది సార్, గింత గట్టి దర్వాజ పీకేస్తమా? గీ కడ్డీ చూడుండ్రి, బస్సుదున్నట్టున్నది. లోపలికి పోవాల్నంటే టికెట్ కొనాల్నా?"

"తీసెయ్యి. కొత్తది వస్తోందిగా," అన్నాను.

"అమ్మని జర అడిగిండ్రా? ఇగ మల్ల వచ్చి నన్ను పరేషాన్ చేస్తది."

"అడిగాను. ముందు జాగా కదపకుండా ఉంటే చాలట ఆవిడకి."

అప్పటిదాకా నేను మాట్లాడకుండా ఊరుకున్నానంతే. నోరు తెరిచి అబద్ధం చెప్పింది ఆ క్షణంలోనే. మేస్త్రీ భుజాలెగరేశాడు. "మీ ఇష్టం సార్. అద్దం దర్వాజ అంటే మంచిగనే ఉంటది గానీ, అందరు దాంట్ల తల దువ్వుకుంటరు, సూడుండ్రి." తలుపును మూసాపేటలో పాత కలప కొనే షెడ్డుకి పంపించాం.

వాళ్లు తిరిగొచ్చిన రోజు నేను కొత్త ముందుగదిలో నిలబడి ఎదురుచూస్తున్నాను. ఆటో ఆగింది. ఆమె బండల మీదికి వచ్చి ఆగిపోయింది.

"వాకిలి యాడబోయింది?" అంది. కోపంగా అనలేదు. చేతిలోంచి ఏదో జారిపోతే కింద వెతుక్కునే మనిషిలా అంది.

వెనకే ఆయన వచ్చాడు. అద్దంలోకి చూశాడు. లోపలి నుంచి ఎవరో ముసలాయన తనకేసి చూస్తున్నాడు. ఈయన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. అద్దంలో ఆయనా పెట్టాడు.

"తప్పు ఇంటికి వచ్చినామే. లోపల ఎవరో పెద్దాయన ఉండాడు. పా, పోదాం," అన్నాడు భార్యతో.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది. గొంతు సవరించుకుని, "రైట్, రైట్!" అంది. ఆయన కదల్లేదు. పట్టుకునే కడ్డీ కోసం కాబోలు, ఆయన చెయ్యి మాత్రం కొంచెం పైకి లేచి ఆగిపోయింది.

"ఇది మన బండి కాదు," అన్నాడు.

చివరికి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. రోజులు గడిస్తే అలవాటవుతుందన్నాను. కూతురు నమ్మింది. నేనూ నమ్మాలనుకున్నాను. తర్వాత ఒక పొద్దున ఆయన నడక నుంచి వస్తూ తన ఇంటి ముందు ఆగలేదు. సందు చివరిదాకా చూసుకుంటూ వెళ్లి, అలాగే ముందుకు పోయాడు. సాయంత్రం రాయదుర్గం గుట్టల అవతల, రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చుని దొరికాడు. చెప్పుల్లేవు. ఆకుపచ్చ తలుపున్న ఇల్లు ఎక్కడని వచ్చేపోయేవాళ్లను అడుగుతున్నాడట.

ఆ మర్నాటి నుంచి గేటుకి తాళం పడింది. ఆయన నడక అక్కడితో ఆగిపోయింది.

నేను మూసాపేట వెళ్లాను. షెడ్డువాడు ఆకుపచ్చ రంగున్న చెక్క ముక్కలు కొన్ని చూపించాడు. తలుపు ఎప్పుడో కోసేశారు. ఇనుము వేరేవాళ్లు పట్టుకెళ్లారని చెప్పాడు. కొత్త కడ్డీ కొని అద్దాల తలుపుకి బిగించి చూశాను. అద్దానికి ఆకుపచ్చ రంగు కూడా వేయించాను. ఆయన దాని ముందు నిలబడి, ఎవరింటికో వచ్చినట్టు, మర్యాదగా వేలితో తట్టాడు.

చివరిసారి వెళ్లింది ఒక ఆదివారం. ఆమె నేల మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. కూతురు నాకు మంచినీళ్లిచ్చి, నా మొహం చూసి ఓదార్చబోయింది.

"మీరు మరీ బాధపడకండి. మీవైపు వాకిలంటే ముందు జాగా కదా. మా అమ్మ మాట మీకెలా తెలుస్తుంది? మా ఆఫీసులో చెబితే పాపం, నవ్వారు కూడా."

"అవునండి. మావైపు అంతేనండి," అన్నాను.

క్షమాపణ అంత తేలిగ్గా దొరికింది. నేను చేయని తప్పుకి క్షమించారు. చేసిన తప్పు ఎవరికీ తెలియకుండా పోయింది. గ్లాసు కింద పెట్టి లేవబోతున్నాను. ఆమె ఆకు ఒలుస్తూ, తల ఎత్తకుండా అంది.

"ఆ పొద్దు దుమ్ము వస్తాంది, వాకిలెయ్యమంటే ఏసినావు గదప్పా."

కూతురు తల్లివైపు చూసింది, తర్వాత నావైపు. ఏదో ఒకటి చెప్పాల్సింది. గుర్తులేదని చెప్పినా సరిపోయేది. నిజం చెప్పాల్సింది. కింద పెట్టిన గ్లాసును మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఆమె ఒలిచిన ఆకు చాటలోకి ఎత్తుకుని, కాడలు ఒక చేత్తో కుప్పగా తోసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె నాకోసం ఒక చిన్న తిట్టు కూడా ఖర్చు పెట్టలేదు.

బయటికి వచ్చాను. ఆయన నేను కట్టించిన అరుగు మీద, కరివేపాకు చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని, ఒళ్లో చేతిసంచి. గేటుకేసి చూస్తున్నాడు. నన్ను చూసి పక్కకి జరిగి, అరుగు మీద చోటు చేశాడు.

"కూచో అప్పా. మన బండి ఇంకా రాలేదు," అన్నాడు.

నేను కూర్చోలేదు. పనుందని చెప్పి గేటు దాకా నడిచాను. తాళం తీసి మళ్లీ వేయడానికి కూతురు నా వెనకే వచ్చింది.

ఆ ఇంటి ఫోటో ఒకటి చాలాకాలం నా దగ్గర ఉండేది. వాళ్లు బాచుపల్లి నుంచి రాకముందు తీసినది. అది చూసే నాకు తర్వాతి రెండు పనులు వచ్చాయి. ఫోటోలో బండలు శుభ్రంగా ఉన్నాయి, అద్దం మెరుస్తోంది. చూసినవాళ్లందరూ ముందు జాగా బాగా ఉంచావని మెచ్చుకునేవారు. వాకిలి చాలా బాగుందండీ, అనేవారు.