పేరమ్మ కోళ్లగూటి చీల

మైపాడు సముద్రం హోరు వినబడేంత దూరంలో ఉంటుంది పేరమ్మ ఇల్లు. వాన కబురు టీవీ చెప్పేదాకా ఆగడం ఆమెకు అలవాటు లేదు. కోళ్లను చూసి చెప్పేస్తుంది. "పొద్దు గుంకకముందే పుంజు గూడెక్కి మొహం ముడుచుకుందంటే, సముద్రంలో ఏదో లేచిందని లెక్క" అంటుంది.

ఆమె మొగుడు మునెయ్య ఊరి చివర రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. "పుంజు మొహం ముడుచుకునేదానికి సముద్రం దాకా ఎందుకుమే, నీ నోరు చాలదా?" అంటాడు. ఇద్దరికీ పొద్దు ఇట్లాగే మొదలవుతుంది, ఇట్లాగే ముగుస్తుంది. ఇరుగుపొరుగు వాళ్లు కూడా వీళ్ల గొంతులు వినబడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని వచ్చి చూస్తారు.

అయితే ఒక్కసారి ఆ ఇంట్లో నెల రోజులు మాటే వినబడలేదు. నాలుగేళ్ల కిందటి తుపానప్పుడు జరిగింది అది. అప్పట్లో గూడు నేలమీదే ఉండేది. కోళ్లకు చలి తగలకూడదని పేరమ్మ గోతాలు కప్పి, తలుపు బిగించి వచ్చింది. రాత్రికి రాత్రి నీళ్లు కిందినుంచి ఎక్కాయి. తెల్లారి తలుపు తీస్తే ఒక్కటీ కదల్లేదు. గూటికి రాకుండా జామచెట్టు మీదే మొండికేసిన నల్లపెట్ట ఒక్కటే మిగిలింది. చచ్చినవాటిని పేరమ్మే ఒక్కొక్కటిగా ఎత్తి గుంటలో పెట్టింది. "ఇంకోసారి ఇట్లా ఎత్తాల్సొస్తే, ఇంక నా చేత్తో కోడికి గింజ వెయ్యను" అని ఒట్టు పెట్టుకుంది. ఆ తర్వాత నెల రోజులు అడిగినదానికే జవాబు చెప్పేది. కోళ్లు పోయినందుకు మునెయ్యకు బాధే, కానీ ఆ నెల రోజులు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ భయం వేస్తుంది.

దొడ్డి మళ్లీ నిండిందంటే ఆ నల్లపెట్ట చలవే. ఇప్పుడున్నవన్నీ దాని పిల్లలూ, పిల్లల పిల్లలే. పేరమ్మ కూడా ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుంది. ఇటుక దిమ్మెల మీద గూడు ఎత్తించింది. వీపు సముద్రం వైపు, తలుపు పడమటి వైపు పెట్టించింది. పైన రేకులు, రేకుల మీద ఇసుక మూటలు, లోపల ఎండిన ఊక. తడిసిన కోడి బతుకుతుంది గానీ, తడిసి గాలికి నిలబడ్డ కోడి బతకదని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

ఈ కార్తీకంలో ఆ నల్లపెట్టే మళ్లీ పొదుగుకు వచ్చింది. వంటింటి మూల గంపలో ఊక పోసి, గుడ్లు సర్ది, దాన్ని కూర్చోబెట్టింది పేరమ్మ. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయని గంపలో ఒక బొగ్గు, ఒక ఎండుమిరపకాయ, ఒక ఇనప ముక్క పెట్టడం వాళ్ల అమ్మ కాలంనుంచీ ఉంది. బొగ్గు దొరికింది, మిరపకాయ దొరికింది, ఇనుమే దొరకలేదు. అవతల తూర్పున ఉరుము మొదలైంది. పేరమ్మ దొడ్లోకి పరుగెత్తి, గూటి తలుపు గొళ్లెంలోంచి చీల పీక్కొచ్చి గంపలో పెట్టేసింది. గూటి తలుపుకు ఒక నైలాను తాడు ముక్క చుట్టింది.

మర్నాడు మునెయ్య అది చూసి నోరెళ్లబెట్టాడు. "పుట్టినవాటికి గడియ లేకుండా చేసి, పుట్టనివాటికి గడియ వేసినావా మే?"

"పొదిగే గంపలో పెట్టిన ఇనుము పిల్లలు దిగేదాకా తియ్యకూడదు. పోయి ఇంకో చీల తేరాదూ?"

"రేపు తెస్తాలే" అన్నాడు మునెయ్య. రెండు వారాలు గడిచినా చీల రాలేదు. మునెయ్య రేపు ఏనాడు వచ్చింది గనుక!

తుపాను మాత్రం టీవీలో చెప్పిన రోజుకే వచ్చింది. పొద్దున్నించే గాలి. గుడిసెల్లో ఉన్నవాళ్లందరినీ పక్కనున్న ప్రార్థన మందిరానికి రమ్మని పాస్టరు సమాధానం అయ్యగారు కేకలేసి పిలుస్తున్నాడు. పేరమ్మ వాళ్లది స్లాబు ఇల్లు కాబట్టి ఇంట్లోనే ఉండిపోయారు. కోళ్లకు పొడి మేత పెట్టి, గూట్లోకి తోలి, తాడు రెండు ముళ్లు వేసి వచ్చింది పేరమ్మ. ఆ వానలో గూటి వీపు తప్ప తలుపు కనబడకపోయినా, వచ్చాక కూడా కిటికీ వదల్లేదు.

మధ్యాహ్నం భూమి అదిరినట్టు చప్పుడయింది. పక్కింటి కొబ్బరిచెట్టు గోడ మీదుగా వచ్చి సరిగ్గా గూటి మీద పడింది. ఆకుల కింద నలిగిన రేకు అంచు ఒక్కటే కనబడుతోంది. పేరమ్మ తలుపు తియ్యబోయింది. మునెయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పోబాకమే. కరెంటు తీగలు తెగి పడుండాయి."

ఆమె గింజుకోలేదు. వచ్చి వంటింట్లో గంప పక్కన కూలబడింది. నల్లపెట్ట కళ్లు సగం మూసుకొని కూర్చునే ఉంది. దాని సంతతి అంతా బయట రేకుల కింద ఉందని దానికేం తెలుసు?

"ఇందులో పిల్లలు దిగితే తల్లితో సహా ఎవరికైనా ఇచ్చెయ్యి" అంది పేరమ్మ. "నా వల్ల కాదయ్యా ఇంక."

మునెయ్యకు ఆ నెల రోజులు గుర్తొచ్చాయి.

సాయంత్రానికి గాలి తగ్గింది. లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపేశామని చెప్పాక ఇద్దరూ దొడ్లోకి దిగారు. మునెయ్య మట్టలు నరికి రేకు ఎత్తాడు. పేరమ్మ కళ్లు మూసుకుంది.

"మే, చూడు."

కింద ఊక తప్ప ఏమీ లేదు. తలుపు ఒక పక్కకు వేలాడుతోంది. తడిసిన నైలాను తాడు ముడి జారి, దాని కొస కింద బురదలో పడి ఉంది.

పేరమ్మ "బా... బా... బా..." అని పిలిచింది. ప్రార్థన మందిరంలోంచి పుంజు కూసింది.

సమాధానం అయ్యగారు మందిరం గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "రా పేరమ్మక్కా. నీ వాళ్లంతా ఈడే ఉండారు. జనం మూటలు పట్టుకొని వస్తావుంటే కాళ్ల సందుల్లోనించి ఇవీ దూరినాయి."

లోపల గుడిసెల వాళ్లు చాపల మీద, కోళ్లు బెంచీల మీద. డేగరంగుదీ, బోడిమెడదీ, కుంటిదీ, అన్నీ రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పుంజు అయితే ఏకంగా అయ్యగారు ప్రసంగం చేసే బల్ల ఎక్కింది. "ఆదివారం కూడా ఇంత కుదురుగా ఎవరూ కూర్చోరక్కా" అన్నాడు అయ్యగారు.

అందరూ నవ్వారు. పేరమ్మ మాత్రం కుంటిదాన్ని ఒళ్లోకి తీసుకొని, చాప మీద కూర్చొని, నలుగురిలో ఉన్నానన్న సిగ్గు కూడా లేకుండా బావురుమంది. అంత సంతోషం తట్టుకోవడం కూడా కష్టమే మరి.

"ఆ చీల తలుపుకే ఉండుంటే..." అని మొదలుపెట్టాడు మునెయ్య. మిగతాది మింగేశాడు.

వారం తిరక్కుండానే గంపలో పిల్లలు దిగాయి. ఒక్క గుడ్డు కూడా మురగలేదు. పేరమ్మ ఆ మాట వీధి వీధంతా చెప్పుకొచ్చింది. మునెయ్య ఎవరూ అడక్కుండానే నెల్లూరు పోయి, గూటికి కొత్త రేకులు తెచ్చాడు. సంచీలోంచి రెండు ఇనప చీలలు తీసి గట్టు మీద పెట్టాడు.

"ఒకటి తలుపుకి. రెండోది దేనికయ్యా?" అంది పేరమ్మ.

మునెయ్య రేకు కొలుస్తున్నట్టు తల అటు తిప్పుకున్నాడు. "ఉరుములకి."

పేరమ్మ నవ్వలేదు. ఆ రెండో చీలను కొంగున ముడేసుకొని, చేటలో నూకలు పోసుకొని దొడ్లోకి దిగింది. పిల్లలతో సహా అన్నిటినీ "బా బా బా" అని పిలిచి, తన చేత్తోనే గింజలు చల్లింది.