మునసబు గారికి ఇంకా కరెంటు రాలేదు

మా ఆయన సుందరరాజు నెత్తికి తలపాగా చుట్టుకున్నాడంటే ఇక ఈ కాలంలో ఉండడు. నూరేళ్లు వెనక్కి వెళ్లి కూర్చుంటాడు. తలపాగా విప్పేదాకా ఆయనకు ఫోను తెలియదు, బస్సు తెలియదు, కరెంటు తెలియదు, కట్టుకున్న పెళ్లాం అసలే తెలియదు.

ఇది రోగమేమీ కాదు, ఉద్యోగం. పూతలపట్టు దాటి తిరుపతి దారిలో కొంచెం దూరం వస్తే మామిడితోటలో 'తాతల పల్లె' అని బోర్డు కనిపిస్తుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టి బాగుపడిన ప్రతాప్ సార్ కట్టించాడు. మట్టి గోడల ఇళ్లు, గానుగ, కుమ్మరి చక్రం, గిలక బావి, నడుమ మునసబు చావడి. కొండ మీద గుండ్లు చేయించుకుని దిగి వచ్చేవాళ్లు టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చి, పాతకాలం ఎట్లా ఉండేదో చూసి పోతారు. టికెట్లు చింపి ఇచ్చేదీ, మైకులో పిలిచేదీ నేను. నా పేరు మోహన. చావడిలో కాలు మీద కాలు వేసుకుని కూర్చునే మునసబు మా ఆయన.

మిగతావాళ్లు జనం ఉన్నప్పుడు కుండలు చేస్తారు, జనం పోగానే ఫోన్లు చూసుకుంటారు. మా ఆయన అట్లా కాదు. పుట్టింది తిరుపతిలో, గంగజాతరకు వేషాలు కట్టే ఇంట్లో. "వేషం కట్టినాక ఎవురన్నా పేరు పెట్టి పిలిస్తే పలకగూడదురా" అని మా మామ చిన్నప్పుడే చెప్పి పెట్టాడట. జాతర ఏడాదికొకసారే కాబట్టి మా అత్త బతికిపోయింది. నాకు సోమవారం తప్ప రోజూ జాతరే.

ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన ఒక గుండాయన ఫొటో తీద్దామని ఫోను ఎత్తాడు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏందప్పా ఇది, పలకా?"

"ఫోనండీ."

"పలకే. బలపం యాడ?"

"బలపం ఉండదండీ, వేలితోనే రాయొచ్చు."

"అయ్యో, ఏలు అరిగిపోదా!"

జనం పడీ పడీ నవ్వుతున్నారు. అంతలో మునసబు గారి జేబులో ఉన్న ఫోను మోగింది. "ఏదో కీచురాయి దూరినట్టుండాది" అని పైనుంచే దాన్ని ఒక్క చరుపు చరిచాడు. ఆ కీచురాయిని నేనే. ఇంటికి గ్యాసు బండ వచ్చిందట, తాళం ఎవరికిచ్చావని అడుగుదామని టికెట్ల గదిలోంచి చేశాను. బండ వాపసు పోయింది.

ఇంకోసారి ఎవరో పిల్లవాడి సంచికున్న జిప్పు ఆయన కంట పడింది. లాగాడు, మూసుకుంది. మళ్లీ లాగాడు, తెరుచుకుంది. "సూది లేదు, దారం లేదు, దానంతట అదే కుట్టుకుంటా ఉండాదే!" అని చావడి మెట్ల మీద చతికిలబడి, తీసి, మూసి, తీసి, మూసి, ఆట అయిపోయిందని గంట కొట్టేదాకా వదల్లేదు. చూసేవాళ్లలో ఒకామె "పాపం, ఆయనకు నిజంగానే ఏమన్నానా?" అని నన్ను గుసగుసగా అడిగింది. నేను ఆయన భార్యనని చెప్పలేక మైకు తుడుచుకుంటూ నిలబడ్డాను.

చెప్పకుండా దాచినా ఎంతసేపు దాగుతుంది? మధ్యాహ్నం సంగటి క్యారియరు పట్టుకుని నేనే వెళ్లాలి కదా.

"ఎవురమ్మా నువ్వు? ఎవురింటి బిడ్డవు?"

"మీ ఇంటిదాన్నే. సంగటి తెచ్చినా, తినయ్యా."

"నా ఇంటిదానివా? నాకింకా పెండ్లే కాలేదే!"

నూరు మంది ఎదుట! ఇద్దరు బిడ్డల్ని కని, పెద్దదానికి పెళ్లి చేసిన తరువాత! భూమి నోరు తెరిచి నన్ను మింగితే బాగుండు అనిపించేది. ఇంటికి పోయాక అడిగితే, "వేషంలో ఉన్నోడికి పెండ్లాం ఉంటాదా ఏమే?" అని పైగా నాకే బుద్ధి చెప్పేవాడు.

వీటన్నిటినీ తలదన్నింది వానరోజు ముచ్చట. ఆ సాయంత్రం తలపాగా తడిసి ముడి బిగుసుకుపోయింది, ఊడిరాలేదు. ఇంటికి పోదామని మోపెడ్ తీస్తే, "ఈ ఇనుప గుర్రం నేనెక్కను తల్లీ, తన్నుతాది" అని నడక మొదలుపెట్టాడు. బండి తొయ్యలేక తోస్తూ నేను, ముందు చేతులూపుకుంటూ మునసబు గారు. మా వీధికి వచ్చేసరికి అన్ని గుమ్మాల్లోనూ జనమే. తల కొట్టేసినట్టయింది. నేను వారం రోజులు కుళాయి దగ్గరికి పోలేదు.

ఇదంతా ఒక ఎత్తు, ప్రతాప్ సార్ బాధ ఒక ఎత్తు. మునసబు దర్బారులో మొదట శిస్తు వసూలు, ఆ తరువాత గట్టు తగాదా, చివర్న వెట్టి సీను. వెట్టివాడు చెప్పులు చంకలో పెట్టుకుని ఎండలో దూరంగా నిలబడాలి. మునసబు చేత తిట్లు తినాలి. ఆఖరున మునసబు చెప్పులు నెత్తిన పెట్టుకుని చావడి చుట్టూ తిరగాలి. ఆ వేషం పాల్‌ది. తోటకు నీళ్లు పెట్టే పని అతనిది, ఆ పని కావాలంటే ఈ వేషమూ వెయ్యాలన్నాడు సార్. ఫొటోలకు ఇదే బాగుంటుందని ఆయన నమ్మకం.

కానీ ఆ సీను దాకా వస్తేనా? గట్టు తగాదా తేలీ తేలకముందే మా ఆయనకు ఎవరి చేతిలోనో పలక కనిపించేది, ఎవరి నడుముకో జిప్పు కనిపించేది. ఇంతలో గంట మోగేది, తరువాతి గుంపు వచ్చేసేది.

చివరికి సార్ నన్ను పిలిచాడు. "ఆదివారం చెన్నై నుంచి ట్రావెల్స్ వాళ్లు వస్తా ఉండారమ్మా. వాళ్లకు నచ్చితే రోజూ బస్సులే. ఆ సీను జరగాల్సిందే. మీ ఆయన మళ్లా జిప్పులూ గిప్పులూ అన్నాడంటే మీ ఇద్దరికీ ఇంగ ఈడ పని లేదు."

ఇంటికి రాగానే ఆయనకు చెప్పాను. తలపాగా లేదు కాబట్టి విన్నాడు.

"సూద్దాంలే," అన్నాడు.

"చూసేదేముండాది? నీ తిక్కకు మన ఇద్దరి కూడూ పోతాది. నలుగురిలో తలెత్తుకోలేక చస్తా ఉండా నీతో!"

ఆయన సంగటి ముద్ద తుంచి పులుసులో తిప్పుతూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున పంపుసెట్టు దగ్గర పాల్ కనిపించాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, మా బిడ్డ కృపారాణి వాళ్ల కాలేజీ పిల్లోళ్లతో ఈ దినం ఈడికే వస్తా ఉండాదంట. నేను చెట్లకు నీళ్లు పెట్టే పని అని మాత్రమే చెప్పి ఉండా."

"సెలవు పెట్టాల్సింది కదప్పా."

"సార్ ఒప్పుకోలా. మా తాత నిజంగానే మోసినాడక్కా ఆ చెప్పులు. నేను జీతానికి మోస్తా ఉండానని బిడ్డకు ఎట్లా చెప్పేది?" కళ్లు తుడుచుకుని మళ్లీ అన్నాడు, "అన్న ఉండాడులే. ఏదో ఒక జిప్పు పట్టుకుంటాడు."

"అంటే?"

"నీకు తెలీదా అక్కా? మొదటి దినం ఒక్కసారే గదా ఆ సీను జరిగింది. జనం నవ్వతా ఫొటోలు తీసుకున్నారు. అది అయినాక అన్న ఈడికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. 'నేను మునసబుగా ఉన్నన్నాళ్లు నీ వంతు రాదు పోప్పా' అన్నాడు. ఆ మర్నాడే పలక, బలపం అని మొదలుపెట్టినాడు."

నేను పంపుసెట్టు గట్టు మీద కూలబడ్డాను. ఆ మొదటి రోజు ఆయన అన్నం ముట్టలేదు, కడుపులో బాగాలేదంటే నమ్మాను. ఇన్నాళ్లూ ఆయన్ని చూసి సిగ్గుపడింది నేనేనా? నా మీద నాకే సిగ్గేసి ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నట్టయింది.

దర్బారు మొదలైంది. ట్రావెల్స్ వాళ్లు ముందు కూర్చున్నారు. వెనక వరుసలో కృపారాణి స్నేహితురాళ్లతో నిలబడి నవ్వుతోంది. శిస్తు అయింది, గట్టు తగాదా అయింది. మా ఆయన ఒక సంచి మీదికి చెయ్యి చాచాడో లేదో, ప్రతాప్ సార్ నా పక్కకొచ్చి "వెట్టిని పిలువమ్మా" అన్నాడు. మైకు నా చేతిలో ఉంది, పిలవలేకపోయాను. సార్ మైకు లాక్కుని తానే పిలిచాడు.

పాల్ వచ్చాడు. చంకలో చెప్పులు, కాళ్ల కింద కాలుతున్న నేల. తల ఎత్తలేదు. వెనక కృపారాణి నవ్వు ఆగిపోయింది.

మా ఆయన చావడి మెట్లు దిగాడు. పాల్‌కు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"రాప్పా, రా. నీ కోసమే సూస్తా ఉండా. ఈ ఊరికి కొత్త మునసబు వస్తా ఉండాడని కబురొచ్చింది. ఇంత ఆలిస్యం చేస్తే ఎట్లా?"

అని, పట్టపగలు, ఆట నడుమ, తలపాగా విప్పాడు! దాన్ని పాల్ నెత్తికి చుట్టి, చంకలో చెప్పులు తీసి అతని కాళ్ల ముందు పెట్టి, "ఏసుకోప్పా, కాలుతా ఉండాది" అన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. తాను తన చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని వచ్చి ఎండలో నిలబడ్డాడు.

"సుందరరాజూ!" అని సార్ అరిచాడు.

"సార్," అని మా ఆయన పలికాడు. తాతల పల్లెలో ఆయన తన పేరుకు పలకడం అదే మొదలు. "నూరేండ్ల కింద మనుషుల్ని ఇట్లా నిలబెట్టినారు. చెప్పాల్సిందే సార్, దాచమనలేదు. నేను నిలబడి చెప్తా. నవ్వేదానికి ఆడించొద్దు."

ట్రావెల్స్ పెద్దాయన నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు, జనమంతా అందుకున్నారు. సార్ మైకు నా చేతిలో పెట్టేసి, ముఖం తుడుచుకుంటూ వాళ్లకు మజ్జిగ పురమాయించడానికి వెళ్లాడు. పనిలోంచి పొమ్మని ఆయన ఆరోజూ అనలేదు, ఆ తరువాతా అనలేదు.

మా ఆయన ఎండలోంచే నా వైపు చూశాడు. "ఏమే మోహనా, ఆకలవతా ఉండాది. సంగటి తెచ్చినావా?"

అందరి ముందూ నా పేరు! ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి నాకు.

ఈలోగా కృపారాణి జనాన్ని తోసుకుంటూ చావడి దగ్గరికి పరిగెత్తింది. పాల్ కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. కాలు మీద కాలు వేశాడు.

"ఎవురమ్మా నువ్వు? ఎవురింటి బిడ్డవు?"

"నాయనా! నీ కూతుర్ని!"

"నా కూతురా? నాకింకా పెండ్లే కాలేదే!"

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూనే విరగబడి నవ్వింది.

సాయంత్రం మేము మోపెడ్ మీద బయలుదేరాం. రోడ్డు పక్కన చిత్తూరు బస్సు ఆగి ఉంది. తలపాగా తియ్యని ఒక పెద్దమనిషి బస్సు మెట్టు ముందు మొండికేసి నిలబడి ఉన్నాడు. "ఈ రేకుల ఇల్లు కదలతా ఉండాది, నేనెక్కను," అంటున్నాడు. కూతురు చెయ్యి పట్టుకుని లాగుతోంది, కండక్టరు తల పట్టుకున్నాడు.

మా ఆయన బండి నిదానం చేసి, వాళ్ల వైపు చూసి తల ఆడించాడు.

"పాపం, ఎవురో తిక్కమనిషి మాదిరి ఉండాడే! ఆ బిడ్డకు ఎంత సిగ్గో ఏమో."