మూడుసార్లు పిలిచే మనిషి

మా ఆపరేటర్ సారు పోయారని గురువారం భద్రాచలం నుంచి ఫోన్ వచ్చింది. మంగళవారం డ్యూటీ మధ్యలో ఛాతీ పట్టుకుని లేచిన మనిషి, దవాఖానా నుంచి తిరిగి రాలేదు.

మాది ప్లైవుడ్ ఫ్యాక్టరీ. లెక్కలన్నీ ఒక్క పెద్ద కంప్యూటర్లో ఉంటాయి; అందరి బల్లల మీదా ఉండేవి దాని తెరలే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ లెక్కల నకలు టేపులోకి ఎక్కించాలంటే ముందు అందరూ కంప్యూటర్లోంచి బయటికి రావాలి. ఎవరు లోపలున్నారో తెర మీదే కనిపిస్తుంది. అయినా సారు గదిగదికీ వెళ్లి "ఎవరన్న ఉన్నరా?" అని మూడుసార్లు పిలిచేవారు. వాళ్ల నాయన అడవిలో పోడు కాల్చే ముందు అట్లాగే పిలిచేవాడట. "పొద కింద ఎవరున్నరో మంటకేం తెలుస్తదమ్మా" అనేవారు.

నాకది చాదస్తం అనిపించింది. ఆ పని మెషీనే చేసేలా ప్రోగ్రాం రాశాను. తెరలన్నిటికీ మూడుసార్లు కబురు పంపుతుంది. పది నిమిషాలు కదలిక లేకుంటే ఆ తెర లైను తెంపేసి టేపు మొదలుపెడుతుంది.

"మంచిగనే ఉంది. మరి ఆడ మనిషుంటే?"

"కదలకపోతే లేనట్టే కదా సార్."

"గట్లెట్ల? నేను మధ్యాహ్నం కునుకు తీస్తె లేనట్టేనా?" అని నవ్వారు.

ఒక వానాకాలం ఆదివారం జాబితాలో ఒక్క తెర మిగిలింది. దుమ్ముగూడెం దగ్గరి మా కలప డిపోది. డిపోకు ఆరోజు సెలవు. ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ప్రోగ్రాం తెంపబోతుంటే సారు ఆపించి, తానే మళ్లీ కబురు పంపారు. ఇంగ్లీషు అక్షరాల్లో జవాబొచ్చింది: 'ఉన్న.'

గంటసేపు కూర్చున్నాం. తర్వాత ఆ పేరు దానంతటదే జాబితాలోంచి పోయింది.

సోమవారం డిపో గుమస్తా "నిన్న తాళమే తీయలేదు మేడం" అన్నాడు. పాత జవాబేదో లైన్లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చిందనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను, చాలావరకు.

"ఎవరైతే ఏంది? ఉన్ననన్నరు, ఆగినం" అన్నారు సారు. ప్రోగ్రాంలో లైను తెంపేసే ఆదేశాన్ని ఆ వారమే తీసేశాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆ రోజు నా వంతు చాయ్ కూడా ఆయనే తెచ్చారు.

నిన్న, ఆయన లేని మొదటి ఆదివారం. ప్రోగ్రాం మూడుసార్లు పిలిచింది. ఒక్క పేరు మిగిలింది. సారుది. నా పక్క బల్ల మీది తెరే. మంగళవారం హడావుడిలో అట్లాగే వదిలి వెళ్లి ఉంటారు. అంతే అయి ఉంటుంది. కానీ సోమవారం పొద్దున్నకల్లా టేపు సిద్ధం కావాలి. తెంపే ఆదేశం నేనే తీసేశాను గనక ఆయన్ని నా చేత్తోనే తెంపాలి.

చెయ్యి రాలేదు. 'ఉన్నారా సార్?' అని కొట్టి పంపాను.

పక్క తెర చిన్నగా కూసింది. కుర్చీ మీద ఆయన తువ్వాలు అట్లాగే ఉంది. పచ్చటి అక్షరాల్లో నా ప్రశ్న కనిపించింది. దాని కింద, జవాబు రాయాల్సిన ఖాళీలో, చిన్న గీత వెలిగి ఆరుతోంది. టేపు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను.