గేటు బయట వెలిగిన కర్పూరం

ఇది విహారయాత్ర కాదు. కువైట్‌కి దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక విద్యుత్ కేంద్రంలో జనరేటర్ మూత తీస్తున్నారు, నేను లోపలికి దూరి తీగచుట్టలు చూసి రావాలి. నడుం నొప్పి అని మొరపెట్టుకున్నాను. మా ఫోర్‌మన్‌కి "యల్లా" అని తొందరపెట్టడం తప్ప ఇంకేం రాదు.

తెల్లవారుతుండగా మేముండే రిగ్గై నుంచి బయలుదేరాం. ప్లాంటుకి బస్సులు సరిగా ఉండవు, కారు పంచుకుంటే మనిషికి రెండు దీనార్లు, గంటన్నర ప్రయాణం. నాతోపాటు అమలాపురం ఫిట్టర్ సత్తిబాబు, దారంతా ఒళ్లో టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిద్రపోయాడు. గేటు దగ్గర ఫోన్లు, లైటర్లు ఇచ్చేయాలి. పాస్ చేతికొచ్చేసరికి ఓపిక సగం అయిపోతుంది.

ఈ జనరేటర్‌ను చల్లబరిచేది హైడ్రోజన్. గాలితో కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు, ఆ మంట పగలు కంటికి కూడా కనబడదు. అందుకే కార్బన్ డయాక్సైడ్‌తో దాన్ని బయటికి నెట్టి, ఆ తర్వాతే గాలి పంపుతారు. ఆ పని చూసే రాయచోటి ఖాదర్ భాయ్ ఎవరు తొందరపెట్టినా మీటర్ ముందు నుంచి కదలడు. నేను ఇనుప మెట్లమీద కునికిపాట్లు పడుతూ, ఎందుకొచ్చిన బతుకురా అనుకున్నాను.

కళ్లు తెరిచేసరికి సత్తిబాబు జనరేటర్ పక్కన క్యారియర్ మూతలో కర్పూరం పెట్టి, అగ్గిపెట్టె తీస్తున్నాడు. ఖాదర్ భాయ్ ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది! యాడ దాచి తెచ్చినావ్?"

"క్యారియర్లోనండీ. హారతివ్వకుండా మూతెలా తీత్తామండీ? లోపలికి దూరేది ఈయన. ఈయన కోసమేనండీ."

"గ్యాసు ఇంగా పూర్తిగా పోలా. యాడన్నా లీకుండి నువ్వు పుల్ల గీసుంటే, ఈయన లోపలికి గాదు, పైకి పోతాడు. ఎనకాలే మనం గూడా."

సత్తిబాబు మొహం పాలిపోయింది. నాకు కోపం వచ్చింది. కానీ నా కోసమే అన్న మనిషిని ఏమని తిట్టను? ఖాదర్ భాయ్ అగ్గిపెట్టె లాక్కుని అతన్ని గేటు బయటికి పంపించేశాడు. చాలాసేపటికి, లోపల ఊపిరి పీల్చే గాలి ఉందని కూడా చూసుకున్నాక, "ఖలాస్, గ్యాసంతా పోయింది. ఇప్పుడు పో" అన్నాడు. నేను పాక్కుంటూ పనిచేసినంతసేపూ మూత దగ్గరే నిలబడ్డాడు.

జాగ్రత్త అంటే చిరాకుపడేవాణ్ణి. ఆ రోజు నన్ను బతికించింది ఆ జాగ్రత్తే. ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: జేబులే కాదు, క్యారియర్ కూడా ఇంటి దగ్గరే వెతుక్కోండి.

సాయంత్రం ఖాదర్ భాయ్ డ్యూటీ దిగి నాతోపాటే బయటికొచ్చాడు. కార్ల దగ్గర సత్తిబాబు అన్నం ముట్టకుండా కూర్చుని ఉంటే, అగ్గిపెట్టె అతని చేతికి తిరిగిచ్చాడు. సముద్రపు గాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోదానికి ఖాదర్ భాయ్ తన చేతులు అడ్డుపెట్టాడు. కర్పూరం వెలిగింది. ఆ మంట నా కంటికి కనబడింది.