సారు ఆగిన చోటు

మొన్న పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. "భాయ్, బాపు పోయిండు," అన్నాడు మా ఊరి బడి లెక్కల సారు కొడుకు. షట్టర్ సగంలోనే వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను.

తెలంగాణ కోసం బళ్లు మూతపడ్డ రోజుల్లో, సిద్దిపేటలో నాది నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్. సారు పగలంతా సమ్మె టెంటులో కూర్చుని, సాయంత్రం నా దగ్గరికి వచ్చేవారు. ఏడో తరగతి పిల్లల కోసం పాఠాలు రికార్డు చేసి నెట్‌లో పెట్టించేవారు.

ఒకరోజు తోటి టీచరు వచ్చి నిలదీశాడు. "సమ్మెల ఉండి పాఠాలేంది సారూ?"

"పొద్దుగాల్ల నుంచి టెంటు కాడ్నే ఉన్న గద! పిల్లలు మైనస్‌లు మర్చిపోతే తెలంగాణ వచ్చినంక మల్ల మనమే తల పట్టుకోవాలె," అన్నారు.

ప్రతి పాఠాన్నీ ముందు కాగితం మీద రాసుకునేవారు. "గీడ తప్పు జేస్తరు" అని ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, కెమెరా ముందు ఆ తప్పు తానే చేసి, దిద్దుకునేవారు. ప్రశ్న అడిగాక మాత్రం నోరు మెదపకుండా నిలబడేవారు.

ఫైలు పెద్దదై అప్‌లోడ్ కావడం లేదని ఆ ఖాళీలన్నీ కత్తిరించేశాను. మర్నాడు చూసి సారు ముఖం మాడ్చుకున్నారు.

"ఏం జేసినవ్ భాయ్! పిల్లలు జవాబు జెప్పెతందుకు జాగనే లేకపాయె!"

"ఊకె నిలబడితే ఎవలు జూస్తరు సార్?"

"ఎనక బెంచిలున్నోళ్లు జూస్తరు. ఆళ్లకు జర టైం గావాలె."

సిగ్గుతో చచ్చిపోయాను. నేనూ వెనక బెంచివాణ్ణే, పదిలో లెక్కలు తప్పి చదువు మానేసినవాణ్ణి. నా కోసం ఎవరూ అలా ఆగలేదు. పాఠం మళ్లీ తీశాం. కరెంటు రెండుసార్లు పోయి, మూడోసారికి నెట్‌లోకి ఎక్కింది. పిల్లలు ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురేసి ఇరుక్కుని, సారు ఆగినప్పుడల్లా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకునేవారు.

రాష్ట్రం వచ్చింది. నా సెంటర్ జిరాక్స్ దుకాణమైంది. సారు ఎప్పుడు వచ్చినా, "భాయ్, మైనస్ రెండు ఇంటూ మైనస్ మూడు?" అని అడిగేవారు. నేను నవ్వేసి చాయ్ చెప్పేవాణ్ణి. ఒక్కసారీ జవాబు చెప్పలేదు. ఆయన కూడా తొందరపెట్టలేదు.

సారును సాగనంపి వచ్చి, ఆ పాఠం వెతికి పెట్టుకున్నాను. తెర మీద సారు అదే ప్రశ్న అడిగి, చాక్‌పీసు పట్టుకుని, నా వైపు చూస్తూ ఆగారు.

"ఆరు సార్," అన్నాను.

ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు.